పెల్విస్ రేడియేషన్: సీటీ రోజు 380 సీసీ ఉన్న బ్లాడర్ టేబుల్ మీద 110 ఎందుకవుతోంది?

మేఘాద్రిగెడ్డ

అందరికీ నమస్కారం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కేసుల గురించి అడుగుతున్నా. 45 గ్రే (రేడియేషన్ డోసు కొలత), 25 సిట్టింగులు, వీమ్యాట్ (మెషీన్ చుట్టూ తిరుగుతూ ఇచ్చే పద్ధతి) ప్లాను, వారానికోసారి సిస్‌ప్లాటిన్ కీమో, చివర్లో బ్రాకీ (లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్). ప్లానింగ్ సీటీకీ రోజువారీ ట్రీట్‌మెంటుకీ కాగితం మీద రూలు ఒకటే: బాత్రూంకి వెళ్లిరావాలి, అర లీటరు నీళ్లు తాగాలి, 45 నిమిషాలు ఆగాలి. సీటీలో బ్లాడర్ (మూత్రాశయం) 380 సీసీ వచ్చింది. టేబుల్ మీద కోన్‌బీమ్ (ట్రీట్‌మెంట్ మెషీన్ మీదే తీసే సీటీ) తీస్తే మొదటి రోజు 140, రెండో రోజు 90, మూడో రోజు 210, నాలుగో రోజు 110. తాగలేదేమో అనుకోవడానికి లేదు, బాటిల్ మన కళ్లెదుటే ఖాళీ అయింది.

ఎక్కువమంది పాడేరు, శ్రీకాకుళం, ఎస్.కోట వైపు నుంచి తెల్లారకుండానే బస్సెక్కి వచ్చేవాళ్లు. అందులో ఆడవాళ్లే ఎక్కువ.

అడిగేవి మూడు. తాగిన నీళ్లు ఎటు పోతున్నాయి? ఎంత తక్కువుంటే దింపేయాలి, ఎంతుంటే కానిచ్చేయొచ్చు? ప్రతి ఒక్కరినీ దింపి మళ్లీ తాగిస్తే చివరి పేషెంట్‌కి ఆఖరి బస్సు దాటిపోతుంది. మూడోది, రెక్టమ్‌లో, అంటే మలాశయంలో, గ్యాస్. బ్లాడర్ సరిగ్గా ఉన్న రోజు అదుంటుంది. "కరెంటు పెట్టడానికి నీళ్లెందుకు బాబూ" అని అడిగే మామ్మగారికి ఒక్క ముక్కలో ఏం చెప్పొచ్చో కూడా ఎవరైనా చెబితే సంతోషం.

లాసన్స్‌బే ఫిజిసిస్ట్

రిజర్వాయర్ పేరు పెట్టుకుని నిల్వ గురించి అడిగారు, బాగుంది.

తేడా టేబుల్ దగ్గర రాలేదు, 380 దగ్గరే వచ్చింది. సీటీ రోజు ఏం జరుగుతుందో ఒకసారి లెక్కేయండి. కాంట్రాస్ట్ కోసం క్యాన్యులా, మోకాళ్ల కింద రెస్ట్, లేజర్లు చూసి చర్మం మీద గుర్తు చుక్కలు పొడవడం, మధ్యలో ఇంకో ఎమర్జెన్సీ స్కాన్. 45 నిమిషాలు కాస్తా గంటంపావు అవుతుంది. పైగా ఎక్కించిన కాంట్రాస్ట్ కూడా మూత్రాన్ని పెంచుతుంది. ఆ పూట వచ్చిన 380 ఇక రోజూ రమ్మంటే రాదు. మూడో వారం దాటాక రేడియేషన్ వల్ల బ్లాడర్ గోడ మంటెక్కి, పట్టే శక్తి ఇంకా తగ్గుతుంది. 300 దాటిన సీటీని ప్లానుకి వాడకపోవడమే మేలు. బాత్రూంకి పంపి కొంత తగ్గించి మళ్లీ స్కాన్ చేస్తే పోయేది పదిహేను నిమిషాలు. 200 నుంచి 300 మధ్య ఉంటే రోజూ అందుకోగలిగిన లక్ష్యం.

ఇక 110 ఉంటే ఏం కొంపమునిగింది అన్నది అసలు సంగతి. నిండిన బ్లాడర్ ఒక దిండు లాంటిది. చిన్నపేగుల్ని పెల్విస్‌లోంచి పైకి నెడుతుంది, గర్భాశయాన్ని పైకీ వెనక్కీ ఎత్తి పట్టుకుంటుంది. గాలి తీసేసిన దిండులా అది కుంగితే పేగులు జారి వచ్చి 45 గ్రే పడే చోట కూర్చుంటాయి. గర్భాశయం పైభాగం ముందుకీ కిందికీ వాలుతుంది, ఒక్కోసారి 2-3 సెంటీమీటర్లు. ముఖద్వారం కదలిక అంతకంటే తక్కువే. బ్లాడర్ మొత్తం ఎక్కువ డోసు పడే చోటికి ముడుచుకొస్తుంది కాబట్టి దాని సగటు డోసూ పెరుగుతుంది. అంటే ఒకే తప్పుకి గడ్డకి తక్కువా, పేగుకి ఎక్కువా. ప్లాను కాగితం మీద పేగుల సంచికి (పేగులు తిరిగే చోటంతా కలిపి గీసినది) 45 గ్రే పడే భాగం 195 సీసీ లోపు అని ఆకుపచ్చ టిక్కు ఉంటుంది. ఆ టిక్కు సీటీ తీసిన రోజు పొట్టకే వర్తిస్తుంది.

చాలామంది చేసే పొరపాటు, గర్భాశయం పక్కకి పోయింది కదా అని కౌచ్‌ని (పేషెంట్ పడుకున్న టేబుల్) జరిపి దాన్ని పీటీవీలోకి (మార్జిన్‌తో కలిపి డోసు పడాల్సిన హద్దు) తెచ్చుకోవడం. పెల్విస్ లింఫు గ్రంథులు రక్తనాళాల్నీ ఎముకనీ అంటిపెట్టుకుని ఉంటాయి, అవి కదలవు. గర్భాశయం కోసం కౌచ్‌ని 1 సెం.మీ. జరిపితే గ్రంథుల పీటీవీ 1 సెం.మీ. తప్పుతుంది. ఒక్క కౌచ్ రెండిటికీ న్యాయం చేయలేదు. కాబట్టి ఎముకకి మ్యాచ్ చేయండి, తర్వాత మెత్తటి భాగాలు ఎక్కడున్నాయో కళ్లతో చూడండి.

చూడాల్సింది సీసీ అంకె కాదు, రెండు గీతలు. ప్లానింగ్ నుంచి పీటీవీ గీతనీ, 45 గ్రే చుట్టూ ఉన్న ఐసోడోసు గీతనీ (ఒకే డోసు పడే చోట్లని కలిపే గీత) కన్సోల్‌కి పంపించుకోండి. కోన్‌బీమ్ మీద అవి కనబడుతుండాలి. గర్భాశయం, ముఖద్వారం, పక్క కణజాలం పీటీవీ లోపలే ఉన్నాయా? ఐసోడోసు గీత లోపలికి, సీటీ రోజు లేని పేగు చుట్టలు కొత్తగా దూరాయా? మొదటిదానికి అవును, రెండోదానికి కాదు అయితే, బ్లాడర్ 150 ఉన్నా కానిచ్చేయండి. ఏ ఒక్కటి తేడా వచ్చినా దింపండి. దీనివల్ల దింపేవాళ్ల సంఖ్య తగ్గుతుంది, ఎందుకంటే అంకె చూసి దింపినవాళ్లలో చాలామందికి లోపల అంతా సవ్యంగానే ఉంటుంది.

ఇంకో మాట. ఇలాంటి కేసులకి ఖాళీ బ్లాడర్‌తో ఒక సీటీ, నిండు బ్లాడర్‌తో ఒక సీటీ, అదే రోజు తీయాలి. రెండిటిలోనూ గర్భాశయం ఎక్కడుందో గీసి కలిపితే అది తిరిగే బాట మొత్తం టార్గెట్‌లోకి వస్తుంది. ఆ పైన రోజువారీ కోన్‌బీమ్ ఉంటే 5 మి.మీ. మార్జిన్ సరిపోతుంది. ఖాళీ బ్లాడర్ సీటీ తీయకుండా మార్జిన్ మాత్రం 5 మి.మీ. పెట్టుకుంటే, అది ఉత్త ధైర్యం. గర్భాశయం ఉన్న చోటు రెండు సీటీల్లో బాగా తేడాగా ఉంటే, నిండుగా ఉన్నప్పటికి ఒకటీ సగం ఉన్నప్పటికి ఒకటీ రెండు ప్లాన్లు సిద్ధం చేసుకుని, ఏ రోజుకి ఏది సరిపోతే అది వాడేవాళ్లూ ఉన్నారు. ఒక్క మెషీన్ మీద అరవై మంది ఉన్నచోట అది అత్యాశ.

పట్టుబట్టి ఇదంతా చేస్తే దక్కేదేంటి అనేవాళ్లకి: టాటా మెమోరియల్ నడిపిన పార్సర్ ట్రయల్‌లో, ఆపరేషన్ తర్వాత రేడియేషన్ అవసరమైన ఇవే కేసులు 300 మందిని తీసుకున్నారు. ఇమేజ్ గైడెడ్ ఐఎంఆర్‌టీ (రోజూ స్కాన్ చూసి, డోసుని టార్గెట్ ఆకారానికి మలిచి ఇచ్చే పద్ధతి, వీమ్యాట్ కూడా ఈ రకమే) ఇచ్చినవాళ్లలో మూడేళ్లకి గ్రేడ్ 2 (ఓ మోస్తరు), అంతకు మించిన పేగు సమస్యలు 21.1 శాతం, పాత త్రీడీ పద్ధతిలో 42.4 శాతం. ఫలితాలు 2021లో వచ్చాయి. మన అగనంపూడి హోమీ భాభా ఆసుపత్రి ఆ టాటా మెమోరియల్ కిందిదే. ఆ తేడా ఐఎంఆర్‌టీ ఒక్కటే తెచ్చిందనుకోకూడదు, "ఇమేజ్ గైడెడ్" అన్న మాటని మింగేయకూడదు. డోసు అంచు ఎంత నిటారుగా దిగితే, అవయవం అంచు దాటడం అంత ఖరీదవుతుంది. పాత నాలుగు ఫీల్డుల పెట్టెలో బ్లాడర్ కుంగినా గడ్డ తప్పిపోయేది కాదు. పేగు మాత్రం కాలేది.

కంచరపాలెం సిస్టర్

నీళ్ల లెక్క నేను చెబుతాను.

తెల్లవారుజామున నాలుగింటికి బస్సెక్కే ఆడమనిషి ముందురోజు రాత్రి నుంచే నీళ్లు తాగదు. దారిలో బాత్రూం ఉండదు కాబట్టి. ఇది మొండితనం కాదు, జాగ్రత్త. అలా ఎండిపోయి వచ్చిన ఒంటికి అర లీటరు పోస్తే ఒళ్లే తాగేస్తుంది. కిడ్నీ ఒక్క బొట్టు వదలదు, నిమిషానికి 1 మి.లీ. లెక్కన మూత్రం తయారవుతుంది. 45 నిమిషాలకి 45. అదే ముందురోజు బాగా తాగిన మనిషికి అదే అర లీటరు పోస్తే, అరగంట దాటాక నిమిషానికి 5 నుంచి 10 మి.లీ. దాకా దిగుతుంది. మీ 90కీ 210కీ మధ్య తేడా అక్కడిదే, ఆ రోజు తాగిన బాటిల్‌లో లేదు. మే నెల వైజాగ్ ఉక్కలో అయితే బాటిల్‌లో సగం జాకెట్టు తడపడానికే పోతుంది.

కాబట్టి 45 నిమిషాల కాగితం చాలదు, 24 గంటల కాగితం ఇవ్వాలి. ముందురోజు మొత్తం మీద రెండు లీటర్లు, అందులో ఎక్కువ భాగం సాయంత్రం ఆరు లోపు. గుండె, కిడ్నీ జబ్బు ఉండి నీళ్లు తగ్గించమన్నవాళ్లకి డాక్టర్ వేరే కొలత రాస్తారు. తెల్లారి బస్సు దిగే ముందు ఏమీ వద్దు, ఆసుపత్రి గేటు దాటగానే ఒక గ్లాసు, 250 మి.లీ. అప్పుడు టోకెన్, బట్టలు మార్చుకోవడం. అరగంట తర్వాత బాత్రూంకి పంపి పూర్తిగా ఖాళీ చేయించాలి. అసలు బాటిల్ ఇచ్చేది ఆ తర్వాతే. హాఫ్ లీటర్ బాటిల్, పది నిమిషాల్లో, కూర్చుని. బాటిల్ ఆసుపత్రిదే ఇవ్వండి. "రెండు గ్లాసులు" అంటే ఒకరి గ్లాసు 100, ఒకరి చెంబు లీటరు. కొబ్బరి బొండాం వద్దు, ఒక్కో బొండాందీ ఒక్కో కొలత, పైగా సిస్‌ప్లాటిన్ మీదున్నవాళ్లకి క్రియాటినిన్, పొటాషియం చూసుకోవాల్సిన పని. టీ, కాఫీ బ్లాడర్‌ని రేపుతాయి, ట్రీట్‌మెంట్ అయ్యేదాకా ఆగమనండి.

గడియారం తాగడం మొదలుపెట్టినప్పుడు కాదు, తాగడం అయిపోయాక మొదలవ్వాలి. ఆ టైము కార్డు మీద పెన్నుతో రాయండి. తాగించేది టోకెన్ నంబరు చూసి కాదు, మెషీన్ చూసి. లోపల ఉన్న పేషెంట్ తర్వాత ఇంకో ముగ్గురున్నప్పుడు మీ నాలుగో మనిషికి బాటిల్ అందాలి. మెషీన్ ఆగితే వెంటనే బయటికొచ్చి చెప్పండి. తాగి కూర్చున్న మనిషికి ఇరవై నిమిషాల ఆలస్యం అంటే 100 నుంచి 200 సీసీ పెరుగుదల. చెప్పకపోతే నొప్పి పట్టలేక వెళ్లొస్తుంది, వెళ్లానని మీకు చెప్పదు. తిట్టేచోట అస్సలు చెప్పదు.

మాట కూడా చూసుకోవాలి. "ఫుల్ బ్లాడర్" అంటే కొందరు కడుపు పగిలేదాకా బిగబట్టుకుంటారు. అప్పుడు తొడలు బిగుసుకుంటాయి, నడుం లేస్తుంది, బీమ్ తిరుగుతుండగా కదులుతారు. "సినిమాలో ఇంటర్వెల్ దాకా ఆగగలిగినంత" అనండి, అందరికీ అర్థమవుతుంది. మామ్మగారికి ఒక్క ముక్క అడిగారు కదా: "నీళ్ల సంచి నిండితే పేగులు పైకి పోతాయమ్మా, వాటికి కరెంటు తగలదు, విరేచనాలు తగ్గుతాయి." విరేచనాల మాట చెప్పాక బాటిల్ మనం గుర్తుచేయక్కర్లేదు.

మేఘాద్రిగెడ్డ

సిస్టర్ గారూ, గేటు దగ్గర గ్లాసు అన్న ఒక్క మాటతోనే సగం చిక్కు విడిపోయింది. సీటీ రోజు 380 కథ కూడా నిజమే, ఫైలు తీసి చూస్తే నీళ్లు తాగిన టైముకీ స్కాన్ టైముకీ మధ్య 80 నిమిషాలుంది.

ఇంకో రెండు. కీమో రోజున ఈ లెక్క మొత్తం తలకిందులవుతోంది, 500 దాటిపోతోంది. షుగర్ ఉన్నవాళ్లు, బీపీకి నీళ్ల మాత్ర వేసుకునేవాళ్లు కూడా అంతే. రెండోది, బ్లాడర్ స్కానర్ కొనిపిస్తే కోన్‌బీమ్ తీసి దింపే బాధ తప్పుతుందా?

కంచరపాలెం సిస్టర్

కీమో రోజు ఒకటి రెండు లీటర్ల సెలైన్ ఎక్కుతుంది, కొన్నిచోట్ల మానిటాల్ కూడా. ఆ రోజు బాటిల్ ఇవ్వకండి. డ్రిప్ సాగుతుండగా రేడియేషన్‌కి పిలిచే ముందు పూర్తిగా ఖాళీ చేయించి, 15-20 నిమిషాలకే తీసుకెళ్లండి. డే కేర్ సిస్టర్‌కీ మీ కన్సోల్‌కీ మధ్య ఫోన్ ఉండాలి, అంతకు మించిన పరికరం లేదు. నీళ్ల మాత్ర మానేయమని మనం చెప్పకూడదు. డాక్టర్‌ని అడిగి, ట్రీట్‌మెంట్ అయ్యాక వేసుకునేలా టైము మార్పించండి. షుగర్ 300 మీదున్న మనిషికి ఏ ప్రోటోకాలూ పనిచేయదు, ముందు షుగర్.

దగ్గినా తుమ్మినా కారిపోయేవాళ్లు, గర్భసంచి జారినవాళ్లు, బ్లాడర్‌కీ యోనికీ మధ్య రంధ్రం పడ్డవాళ్లు ఉంటారు. వాళ్లని నీళ్లతో హింసించకండి.

లాసన్స్‌బే ఫిజిసిస్ట్

సిస్టర్ గారు చెప్పిన ఆ చివరివాళ్లకి ఖాళీ బ్లాడర్ మీదే ప్లాను వేయాలి. పేగు డోసు కొంత పెరుగుతుంది, కానీ ఖాళీ అనేది రోజూ ఒకేలా ఉంటుంది. రోజుకో రకంగా నిండే బ్లాడర్ కంటే రోజూ ఒకేలా ఖాళీగా ఉన్నదే నయం.

స్కానర్ కొనండి. డబ్బు లేకపోతే డిపార్ట్‌మెంటులో ఉన్న మామూలు అల్ట్రాసౌండ్ చాలు, 3.5 మెగాహెర్ట్జ్ పొట్ట ప్రోబ్. ప్రోబ్‌ని బొడ్డు కింద, ముందు ఎముకకి పైన పెట్టి కొద్దిగా కాళ్ల వైపు వంచాలి. నిలువు కోతలో పొడవు, ఎత్తు, అడ్డ కోతలో వెడల్పు. మూడూ సెంటీమీటర్లలో గుణించి 0.52తో గుణిస్తే సీసీ. 9, 7, 7 వస్తే సుమారు 230. తప్పులు ఎక్కడొస్తాయంటే, ప్రోబ్ మరీ కిందికి పెడితే ఎముక నీడ బ్లాడర్ కింది అంచుని మింగేస్తుంది, కొలత తక్కువొస్తుంది. ఆటోమేటిక్ స్కానర్ అయితే నల్లగా కనబడే నీళ్లనల్లా బ్లాడర్ అనుకుంటుంది. అండాశయంలో తిత్తి ఉన్నా, పొట్టలో నీరు ఉన్నా, ఇప్పుడే బాత్రూం నుంచి వచ్చిన మనిషికి 280 చూపిస్తుంది. అందుకే సీటీ రోజున, సీటీ టేబుల్ మీదే ఒకసారి స్కానర్‌తో కొలిచి, సీటీలో గీసిన సీసీ పక్కన రాసిపెట్టండి. ఆ మనిషికి ఆ స్కానర్ ఎంత తేడా చూపిస్తుందో తెలిసిపోతుంది.

సోఫాలో కూర్చున్నప్పుడే కొలవండి, 40 నిమిషాలకి. 150 దాటలేదంటే ఇంకో గ్లాసు ఇచ్చి తర్వాతి మనిషిని పిలవండి. బంకర్ (మెషీన్ గది) తలుపు దాటాక దింపడం అంటే పది నిమిషాల మెషీన్ టైమూ, ఒక కోన్‌బీమూ వృథా. ఆ కోన్‌బీమ్ డోసు పెల్విస్‌కి ఒకటి నుంచి మూడు సెంటీగ్రే (గ్రేలో వందో వంతు) దాకా ఉంటుంది. రోజూ ఇచ్చే 180 సెంటీగ్రే ముందు అది చిన్నదే, కానీ రోజుకి రెండేసి తీస్తే కూడుతుంది.

మొదటి ఐదు రోజుల్లో మూడు రోజులు గీతలు తప్పాయంటే మనిషిని మార్చే ప్రయత్నం ఆపి, ఆమెకి వస్తున్న సీసీతోనే కొత్త సీటీ తీయించండి. పదో రోజు దాకా లాగితే ప్లాను మార్చినా మిగిలేది సగమే.

ఎండాడ ఆంకాలజీ

గ్యాస్ సంగతి మిగిలిపోయింది.

ఉబ్బిన రెక్టమ్ ముఖద్వారాన్ని ముందుకి నెడుతుంది, రెక్టమ్ ముందు గోడ డోసులోకి వస్తుంది. ఇక్కడా మొదటి తప్పు సీటీ రోజుదే. ప్లానింగ్ సీటీలోనే రెక్టమ్ ముందు నుంచి వెనక్కి 4 సెం.మీ. పైన ఉబ్బి ఉంటే ఆ సీటీ వాడొద్దు. గ్యాస్ తీయించి, మోషన్ అయ్యాక మళ్లీ తీయండి. లేకపోతే మిగతా 25 రోజులూ రెక్టమ్ మామూలుగా ఉన్నా అది ప్లానుకి "తప్పు" అవుతుంది.

సీటీకి మూడు రోజుల ముందు నుంచి శనగలు, బఠాణీ, అలసందలు, క్యాబేజీ, సోడా, పచ్చి ఉల్లిపాయ బంద్. మలబద్ధకం ఉంటే రాత్రి లాక్టులోజ్. రోజూ ఎనీమా అలవాటు చేయొద్దు, రేడియేషన్ తగిలిన పొరని అది ఇంకా గీరుతుంది. టేబుల్ మీద గ్యాస్ కనబడితే దింపి నడిపించండి, రెండు మూడు రౌండ్లకి పోతుంది. పోకపోతే సన్నటి ఫ్లేటస్ ట్యూబ్. నమలకుండా గబగబా మింగేవాళ్లు, నీళ్ల బాటిల్ గడగడా ఎత్తిపోసుకునేవాళ్లు గాలి కూడా మింగుతారు. సిస్టర్ గారు "కూర్చుని పది నిమిషాల్లో" అన్నది ఊరికే కాదు.

రెండో వారం చివర, మూడో వారంలో కథ తిరగబడుతుంది, విరేచనాలు మొదలవుతాయి. అప్పటికీ పాత కాగితం పట్టుకుని లాక్టులోజ్ వేసుకుంటూనే ఉంటారు. ఎవరూ ఆపమని చెప్పకపోవడం వల్ల. మూడో వారం రివ్యూలో మొదటి ప్రశ్న అదే అవ్వాలి. ఈ దశలో చిన్నపేగు పాలలోని చక్కెరని జీర్ణం చేసుకోలేదు, పాలు ఆపి మజ్జిగకి మార్చండి. మన వైపు చోడి (రాగి) అంబలి పల్చగా కాచి మజ్జిగ కలిపి ఇస్తే చక్కగా ఇముడుతుంది. నిన్నటిది కాదు, అప్పటికప్పుడు కాచినది, తెల్లకణాలు తగ్గుతాయి కాబట్టి. ఇడ్లీ, మెత్తటి అన్నం, పెసరకట్టు, అరటిపండు. గోంగూర, ఆవకాయ ఒక రెండు నెలలు అటక మీద. డాక్టర్ రాస్తే లోపెరమైడ్ మొదట 4 మి.గ్రా., తర్వాత ప్రతి నీళ్ల విరేచనానికీ 2 మి.గ్రా., రోజుకి 16 దాటకూడదు. జ్వరమో రక్తమో ఉంటే లోపెరమైడ్ వేసుకోకుండా ఆసుపత్రికి రావాలి. విరేచనాలతో ఒళ్లు ఎండితే బ్లాడర్ నిండదు, సిస్‌ప్లాటిన్ కిడ్నీ మీద కూర్చుంటుంది. కాబట్టి ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో మొత్తం కలపాలి. గ్లాసులో సగం ప్యాకెట్ వేసుకుని తాగేవాళ్లు చాలామంది, అది ఇంకా విరేచనం చేయిస్తుంది.

అయితే ఈ కేసుల్లో రెక్టమ్, బ్లాడర్ భవిష్యత్తు నిజంగా తేలేది బ్రాకీ టేబుల్ మీద. బయటి నుంచి 45 గ్రే అందరికీ దాదాపు ఒకటే. లోపల టాండెమ్ (గర్భాశయంలోకి వెళ్లే గొట్టం), ఓవాయిడ్లు (ముఖద్వారానికి ఆనించి పెట్టేవి) పెట్టి ఒక్కోసారి 7 గ్రే చొప్పున నాలుగు ఇచ్చేటప్పుడు, రెక్టమ్ గోడ సోర్సుకి (రేడియేషన్ వెలువరించే గింజ) ఒక సెంటీమీటర్ దూరం జరిగిందా లేదా అన్నదే తేడా. ఒక్క బిందువు సోర్సు అనుకుంటే 2 సెం.మీ. దగ్గర పడే డోసులో 3 సెం.మీ. దగ్గర పడేది 44 శాతమే. నిజంలో సోర్సు చాలా చోట్ల ఆగుతుంది కాబట్టి అంత తగ్గదు, కానీ ఏ కంప్యూటర్ ఆప్టిమైజేషనూ ఆ సెంటీమీటర్‌కి సాటి రాదు. ఆ సెంటీమీటర్ ఇచ్చేది ప్యాకింగ్ గాజ్.

పొడవాటి రిబ్బన్ గాజ్, సెలైన్‌లో తడిపి పిండినది. స్కాన్‌లో కనబడాలంటే కొంచెం కాంట్రాస్ట్ కలపండి. ముందు వెనక భాగం, ఓవాయిడ్లకీ యోని వెనక గోడకీ మధ్య, ఫోర్సెప్స్‌తో పొర మీద పొర మడతగా. రెక్టమ్ వెనక్కి పోయిందని వేలికి తెలియాలి. తర్వాత ముందు భాగం, బ్లాడర్ కోసం. పక్కలు చివర్లో. గాజ్ ఓవాయిడ్లకి పైన, ముఖద్వారానికీ వాటికీ మధ్య ఎక్కకూడదు. ఎక్కితే మొత్తం అప్లికేటర్‌ని (టాండెమ్, ఓవాయిడ్ల సెట్టు) కిందికి తోసేస్తుంది, గడ్డకి డోసు తగ్గి యోనికీ రెక్టమ్‌కీ పెరుగుతుంది. చూడ్డానికి గట్టిగా ప్యాక్ చేసినట్టే ఉంటుంది, సీటీలో ఓవాయిడ్లు ముఖద్వారం నుంచి సెంటీమీటర్ కిందికి వేలాడుతూ కనబడతాయి. మత్తు చాలక పేషెంట్ బిగబట్టుకుంటే ప్యాకింగ్ ఎప్పటికీ సరిగ్గా పడదు, స్పైనల్ ఇవ్వగలిగినచోట ఇవ్వాలి.

మొత్తం డోసు లెక్క: బయటిదీ లోపలిదీ కలిపి, రోజుకి 2 గ్రే చొప్పున ఇస్తే ఎంతకి సమానమో ఆ లెక్కలోకి మార్చి, ఎక్కువ డోసు పడ్డ 2 సీసీకి బ్లాడర్ 90 గ్రే లోపు, రెక్టమ్ 75 లోపు, సిగ్మాయిడ్ (రెక్టమ్‌కి పైనున్న పెద్దపేగు మెలిక) 75 లోపు. ఇవి గోడలు, లక్ష్యాలు కావు. బ్లాడర్ 80, రెక్టమ్ 65 దగ్గర ఆపగలిగితే ఆపాలి. సిగ్మాయిడ్‌ని జనం మర్చిపోతారు, అది గర్భాశయం పైకొసకి ఆనుకుని ఉంటుంది, గాజ్ అక్కడికి అందదు. అక్కడ టాండెమ్ చివర ఆగే టైము తగ్గించడమే దారి. అవయవాల మీద ప్రేమతో మొత్తం ట్రీట్‌మెంట్‌ని 8 వారాలు దాటించకూడదు.

తగరపువలస

ప్రోస్టేట్‌కి కూడా ఇదే బ్లాడర్, గ్యాస్ రూలా?

ఎండాడ ఆంకాలజీ

దాదాపు అదే. ప్రోస్టేట్‌ని కదిపేది బ్లాడర్ కంటే రెక్టమ్ ఎక్కువ, అక్కడ గ్యాస్ మీద ఇంకా కఠినంగా ఉండండి. 20 సిట్టింగుల్లో 60 గ్రే ఇచ్చేవాళ్లలో రోజుకి 3 గ్రే కాబట్టి ఒక్క రోజు తప్పినా బరువు ఎక్కువ. ప్రోస్టేట్‌కీ రెక్టమ్‌కీ మధ్య 10 మి.లీ. హైడ్రోజెల్ ఎక్కిస్తే సుమారు సెంటీమీటర్ ఎడం వస్తుంది, ఆరు నెలల్లో కరిగిపోతుంది. ఖర్చు చేతి నుంచే. ఒక హెచ్చరిక: ఏడాదికో రెండేళ్లకో మోషన్‌లో రక్తం పడి కొలనోస్కోపీకి వెళితే, రేడియేషన్ తీసుకున్న సంగతి ముందే చెప్పాలి. రెక్టమ్ ముందు గోడ నుంచి ముక్క తీస్తే ఆ పుండు మానక రంధ్రం పడొచ్చు.

మేఘాద్రిగెడ్డ

ఆఖరి ప్రశ్న. బ్రాకీలో సీటీ తీశాక ప్లాను అయ్యేసరికి గంటన్నర, రెండు గంటలు పడుతోంది. ఆలోపు అంతా మారిపోదా?

ఎండాడ ఆంకాలజీ

మారుతుంది. స్ట్రెచర్ మార్చినప్పుడు అప్లికేటర్ జారుతుంది, రెక్టమ్‌లోకి గ్యాస్ చేరుతుంది, క్యాథెటర్‌కి క్లాంప్ వేసి వదిలేస్తే బ్లాడర్ నిండుతుంది. కాబట్టి క్లాంప్ వేయకుండా సంచిలోకి వదిలేయండి. సీటీకి ముందు బ్లాడర్ ఖాళీ చేసి సెలైన్ ఎంత ఎక్కించారో, 50 అయితే 50, ట్రీట్‌మెంట్‌కి ముందు కూడా ఖాళీ చేసి అంతే ఎక్కించండి. ఫోలీ (మూత్రపు క్యాథెటర్) బల్బులో 7 మి.లీ., రెండుసార్లూ కిందికి లాగి బ్లాడర్ మెడకి ఆనించి. అప్లికేటర్ బయటి చివర యోని ముఖం దగ్గర ఎక్కడుందో చర్మం మీద మార్కర్ పెన్నుతో గీత గీయండి, సోర్సు కేబుల్ తగిలించే ముందు ఆ గీత చూడండి. 5 మి.మీ. పైన జరిగితే సోర్సు పంపొద్దు, సీటీకి వెనక్కి. మత్తు దిగి మోకాళ్లు మడిచే పేషెంట్ ఉంటే కాళ్ల కింద దిండు సీటీ అప్పుడు పెట్టినదే, అదే వైపు, అదే ఎత్తు.

కంచరపాలెం సిస్టర్

ఫ్లేటస్ ట్యూబ్ సీటీకి ముందు పెట్టి తీసేశారా, ఉంచేశారా అన్నది కూడా కార్డులో రాయండి. ఒకసారి ఉంచి, ఒకసారి తీసేస్తే రెక్టమ్ ఆకారమే మారిపోతుంది. ప్యాకింగ్ గాజ్ ఎన్ని పెట్టారో లెక్క కూడా అదే కార్డులో. తీసేటప్పుడు అన్నీ వచ్చాయా అని వెతుక్కునే పని ఉండకూడదు.